వికెట్టు వెనుక మనిషి

రేడియోలో క్రికెట్టు వ్యాఖ్యానం వినే అలవాటున్న ఇండ్లలో అన్నిటికంటె ఎక్కువసార్లు వినబడే మాట ఒకటి ఉంది. బ్యాట్స్‌మన్ బంతిని వదలివేశాడు, బంతి నేరుగా వికెట్టు కీపరు చేతులలోనికి వెళ్లిపోయింది అన్నదే ఆ మాట. బౌండరీ కొట్టినప్పుడు ఇల్లంతా సందడి అవుతుంది. వికెట్టు పడినప్పుడు వంటయింటిలో ఉన్నవారు కూడ గుమ్మం దాకా వచ్చి నిలబడతారు. ఈ మాట వినబడినప్పుడు మాత్రం ఎవ్వరూ చెవి ఒగ్గరు. ఉత్తరం విప్పి చూచుకొనడానికి, పక్కింటివారితో ఒక్క మాట చెప్పి రావడానికి అదే అదను.

రోజుకు 90 ఓవర్ల ఆట జరిగితే 540 బంతులు. ఆ 540 బంతులకూ ఒక మనిషి మోకాళ్లు వంచి కూర్చుని, బంతితోపాటు పైకి లేచి, తిరిగి కూర్చుంటాడు. అతడు తప్పు చేసినప్పుడు ‘బై’ పరుగులన్న పేరుతో లెక్కల పుస్తకంలో గుర్తు పడుతుంది. తప్పు చేయనప్పుడు ఏ గుర్తూ పడదు. ఇటువంటి పనికి చరిత్ర వ్రాయడం కష్టం. అయినప్పటికీ మన తెలంగాణపు గడ్డ మీద పుట్టి, ఆ పనిని పన్నెండు సీజన్లపాటు హైదరాబాదు నగరపు జట్టుకు చేసి, భారతదేశపు క్రికెట్టు చరిత్రలో ఒక గొప్ప మలుపు దగ్గర వికెట్ల వెనుక నిలిచిన ఒకరిని గూర్చి తెలుసుకొనడం మన విధి. ఆయన పేరు పోచయ్య కృష్ణమూర్తి.

ఆయన కథ సరిగా అర్థం కావలెనంటే ముందుగా ఒక్కసారి సముద్రాలు దాటి వెళ్లి రావలసి ఉంటుంది. ఎందుకంటే ఈ పని మన ఆటలో మాత్రమే ఉన్నది కాదు. అమెరికా వారికి ప్రాణప్రదమైన బేస్‌బాల్ ఆటలోను ఇటువంటివాడు ఒకడున్నాడు. అతనిని క్యాచర్ అంటారు. విసిరిన బంతిని పట్టుకునేవాడని అర్థం. ముఖానికి ఇనుప ఊచల ముసుగు, రొమ్ముకు మెత్త, కాళ్లకు కవచాలు ధరించి బ్యాటు పట్టినవాని వెనుక గొంతుక్కూర్చుంటాడు. జట్టులోని తక్కిన వారందరూ బ్యాటు వైపు చూస్తూ ఉంటే, అతడొక్కడే వారందరినీ ఎదురుగా చూస్తూ ఉంటాడు. ఏ విధమైన బంతి విసరవలెనో వ్రేళ్ల సైగలతో సూచించేది కూడ సాధారణంగా అతడే. కనుక అతడు పట్టేవాడే కాక, ఆట నడిపేవాడు కూడ.

ఈ క్యాచర్లలో జగత్ప్రసిద్ధుడు న్యూయార్కు మహానగరపు యాంకీస్ జట్టుకు 1946 మొదలు 1963 వరకు ఆడిన యోగి బెర్రా. అసలు పేరు లారెన్స్ పీటర్ బెర్రా. ఇటలీ నుండి వలస వచ్చిన కుటుంబంలో, సెయింట్ లూయిస్ నగరంలో 1925లో జన్మించాడు. ‘యోగి’ అన్నది మనదేశపు మాటే. భారతదేశాన్ని చూపిన ఒక చలనచిత్రంలో కాళ్లు మడిచి కూర్చున్న యోగిని చూచి, తమ మైదానంలో అదే తీరున కూర్చునే బెర్రాకు ఒక స్నేహితుడు ఆ పేరు తగిలించాడని చెబుతారు. వారు వేళాకోళానికి పెట్టిన పేరు చివరకు అతని అసలు పేరును మరపింపజేసింది.

ఈ యోగి పుట్టుకతోనే సిద్ధుడు కాడు. 1947 నాటి ప్రపంచ సిరీస్‌లో ఎదుటి జట్టువారు అతని బలహీనతను కనిపెట్టి, అతని చేతిలో బంతి ఉండగానే ఒక స్థానం నుండి మరొక స్థానానికి పరుగు తీశారు. అప్పుడు యాంకీస్ వారు 1949లో తమ పాత క్యాచర్ బిల్ డిక్కీని పిలిపించి, అతనికి ఓపికగా పాఠం చెప్పించారు. కాలు ఎక్కడ పెట్టవలెను, బంతిని ఎట్లా అందుకొనవలెను, ఎట్లా విసరవలెను అన్న ఓనమాలు మళ్లీ మొదలయ్యాయి. ఫలితం లోకానికి తెలిసినదే. ఆటగాడుగా పది ప్రపంచ సిరీస్ విజయాలలో అతనికి పాలు ఉంది. 1951, 1954, 1955 సంవత్సరాలలో అమెరికన్ లీగులో అత్యంత విలువైన ఆటగాడుగా ఎన్నికయ్యాడు. 1956 అక్టోబరు 8న డాన్ లార్సెన్ ప్రపంచ సిరీస్ ఆటలో వరుసగా 27 మంది బ్యాటుదారులను ఒక్కరైనా తొలిమెట్టు చేరకుండ పంపివేసినప్పుడు, ఆ బంతులను అందుకున్నది బెర్రాయే. ఆట ముగియగానే అతడు ఎగిరి లార్సెన్ చేతులలో వాలిన ఛాయాచిత్రం ఈనాటికీ అమెరికా ఇండ్లలో వ్రేలాడుతూ ఉంటుంది.

కాని ఇక్కడ ఒక సంగతి గుర్తించాలి. బెర్రా అన్నేళ్లు ఆ చోట నిలిచినది చేతి తొడుగు బలం వలన మాత్రమే కాదు. అతడు 358 హోమ్ రన్‌లు కొట్టిన బ్యాటుదారు. అతని వెనుకనే ఎల్స్టన్ హోవార్డ్ అనే మరొక క్యాచర్ ఉన్నాడు. 1955లో యాంకీస్ జట్టులో అడుగుపెట్టిన మొట్టమొదటి నల్లజాతి ఆటగాడు అతడే. మిక్కిలి సమర్థుడు. అయినా బెర్రా ఉన్నంతకాలం అతడు మైదానపు అంచులలో ఇతర స్థానాలలో ఆడుతూ వేచి ఉండవలసి వచ్చింది. ఆ చోటు దక్కిన తరువాత, 1963లో అతడూ లీగులో అత్యంత విలువైన ఆటగాడయ్యాడు. దీనిని బట్టి రెండు నియమాలు తేలుతున్నాయి. బ్యాటు వెనుక చోటు ఒక్కటే. అక్కడ ఇద్దరికి తావు లేదు. పట్టే పనికి పెట్టుకున్న మనిషికి తీర్పు మాత్రం కొట్టే పనిలో చెబుతారు. ఈ రెండు నియమాలూ న్యూయార్కులో ఎంత నిజమో హైదరాబాదులోను అంతే నిజం.

ఇక మన హైదరాబాదుకు వద్దాం. ఈ నగరంలో క్రికెట్టు నిన్న మొన్నటిది కాదు. మొయినుద్దౌలా బంగారు కప్పు పోటీలు 1930-31లోనే మొదలయ్యాయి. రంజీ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1937-38లో, నవానగరు జట్టును ఒకే ఒక్క వికెట్టు తేడాతో ఓడించి, తొలిసారి గెలుచుకుంది. ఆ తరువాత మళ్లీ గెలవడానికి దాదాపు ఏబది సంవత్సరాలు పట్టింది. పేరు హైదరాబాదుదే అయినా ఆ జట్టు తెలంగాణమంతటికీ జట్టు. వరంగల్లులోనో హనుమకొండలోనో బ్యాటు పట్టిన పిల్లవాడు పెద్ద ఆటకు ఎదగదలచుకుంటే ఆ పేరు మీదనే ఎదగవలసి ఉంది.

పోచయ్య కృష్ణమూర్తి 1947 జూలై 12న హైదరాబాదులో జన్మించారు. పోచయ్య అన్న పేరు చెవిని పడగానే మన పల్లెల పొలిమేరలలోని పోచమ్మ గుడి జ్ఞప్తికి వస్తుంది. నవాబులు, జాగీర్దారులు, కాన్వెంటు చదువుల వారు ఎక్కువగా ఉన్న ఆ నాటి హైదరాబాదు క్రికెట్టులో ఈ పేరు మట్టివాసన గల పేరు. 1967-68 సీజనులో ఆయన హైదరాబాదు జట్టులోనికి వచ్చారు. అప్పటి జట్టును తలచుకుంటే ఈనాటికీ ఆశ్చర్యం కలుగుతుంది. నాయకుడు ఎం. ఎల్. జయసింహ. ఆయన నాయకత్వం క్రింద ఆడుతున్నది సాక్షాత్తు భారత జట్టు నాయకుడైన పటౌడీ నవాబు. అబ్బాస్ అలీ బేగ్, సయ్యద్ ఆబిద్ అలీ, కెనియా జయంతిలాల్ వంటి వారు తక్కిన స్థానాలలో ఉన్నారు. ఇంతమంది నక్షత్రాల నడుమ వికెట్ల వెనుక కూర్చున్నవానిపై ఎవరి కన్ను నిలుస్తుంది?

కాని ఆ జట్టులో ఆ చోటు తేలికైనది కాదు. హైదరాబాదు బౌలింగు బలం చాలావరకు స్పిన్నుదే. ఎడమచేతి స్పిన్నరు ముంతాజ్ హుస్సేన్ ఒకే తీరుగా చేయి తిప్పుతూ బంతిని ఇటూ అటూ కూడ మళ్లించగల మాయావి. బ్యాట్స్‌మన్‌కు తెలియని మాయ కీపరుకు తెలిసి తీరాలి. ఆ తరువాత నౌషీర్ మెహతా, రామ్‌నారాయణ్ వంటి ఆఫ్ స్పిన్నర్లు వచ్చారు. ఇటువంటి బౌలర్లకు కీపరు వికెట్లను ఆనుకుని నిలబడాలి. బ్యాట్స్‌మన్ శరీరం అడ్డుగా వచ్చి బంతి ఒక్క క్షణం కనబడకుండ పోతుంది. ఆ క్షణంలో చేతులు ఊహ మీదనే కదలాలి. బంతి నేలను తాకకముందే లేచినవాడు ఓడిపోతాడు. బంతితోపాటు లేచినవాడు గెలుస్తాడు. బ్యాట్స్‌మన్ ముందడుగు వేసి గీత దాటి బంతిని తప్పితే, అతని కాలు వెనుకకు వచ్చేలోగా బెయిల్సు ఎగిరిపోవాలి. శిరస్త్రాణాలు లేని ఆ రోజులలో, తప్పిన బంతి పంటికో కంటికో తగలవచ్చు.

కృష్ణమూర్తిగారు తమ ఫస్ట్‌క్లాస్ ఆటలో నూరు మ్యాచ్‌లకు పైగా ఆడి, రెండువందలకు పైబడి బ్యాట్స్‌మన్‌లను అవుటు చేయడంలో పాలుపంచుకున్నారు. వాటిలో సుమారు మూడవ వంతు స్టంపింగులే. ఫాస్టు బౌలర్లకు దూరంగా నిలబడి క్యాచిలు పట్టే కీపర్ల లెక్కలలో ఈ పాలు కనబడదు. ఆయన ఎటువంటి చోట నిలబడి, ఎటువంటి పని చేశారో ఆ ఒక్క లెక్కే సాక్ష్యం చెబుతున్నది.

1971 సంవత్సరం వచ్చింది. భారత జట్టు వెస్టిండీసు దీవులకు ప్రయాణం కట్టింది. విజయ్ మర్చంట్ అధ్యక్షతన ఎంపిక సంఘం పటౌడీని తప్పించి అజిత్ వాడేకర్‌ను నాయకునిగా చేసింది. దేశంలోని పోటీలలో ఆడనివారిని ఎంపికకు తీసుకొనరాదన్న పట్టింపు వలన, ఇంగ్లండులో లాంకషైర్ కౌంటీకి ఆడుతున్న ఫరూఖ్ ఇంజనీర్‌కు చోటు దక్కలేదు. ఇంజనీర్ నాటి భారతదేశపు ప్రథమ శ్రేణి కీపరు, ధాటిగా ఆడే బ్యాట్స్‌మన్ కూడ. ఖాళీ అయిన ఆ చోటికి హైదరాబాదు నుండి కృష్ణమూర్తి, బెంగాలు నుండి రూసీ జీజీభాయ్ ఎంపికయ్యారు. ఆ జట్టులో హైదరాబాదు వారు ఐదుగురు: జయసింహ, ఆబిద్ అలీ, జయంతిలాల్, ఫాస్టు బౌలరు గోవిందరాజ్, కృష్ణమూర్తి. ఒక్క నగరం నుండి ఐదుగురు భారత జట్టుతో సముద్రం దాటడం సామాన్యమైన గౌరవం కాదు.

ఫిబ్రవరి 18న కింగ్‌స్టన్‌లో తొలి టెస్టు మొదలు కావలసి ఉంది. వర్షం వలన మొదటి రోజు పోయింది. దిలీప్ సర్దేశాయి 212 పరుగులతో భారత జట్టు 387 చేసింది. వెస్టిండీసు 217కే ముగిసి, చరిత్రలో తొలిసారి భారతదేశం ఆ జట్టును ఫాలో ఆన్ ఆడించింది. 23 ఏండ్ల కృష్ణమూర్తికి అదే తొలి టెస్టు. తరువాత మార్చి 6న పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో రెండవ టెస్టు. మొదటి బంతికే ఆబిద్ అలీ చేతిలో రాయ్ ఫ్రెడరిక్స్ బౌల్డ్ అయ్యాడు. ప్రసన్న, బేడీ, వెంకటరాఘవన్, దురానీల స్పిన్నుకు వెస్టిండీసు జట్టు 214, 261 పరుగులకు కూలింది. తొలి టెస్టు ఆడుతున్న సునీల్ గవాస్కర్ 65, 67 నాటౌట్ చేయగా, భారతదేశం ఏడు వికెట్లతో నెగ్గింది. వెస్టిండీసుపై మనకు అదే మొదటి టెస్టు విజయం. తక్కిన నాలుగూ డ్రా కావడంతో ఆ ఒక్క విజయమే సిరీస్‌ను మనకు తెచ్చిపెట్టింది.

ఐదు టెస్టులలోను వికెట్ల వెనుక నిలిచినది కృష్ణమూర్తిగారే. నలుగురు స్పిన్నర్లు నాలుగు రీతులలో వేసే బంతులను, సోబర్సు, కన్హాయ్, లాయిడ్ వంటి మహామహుల బ్యాటుల వెనుక నుండి ఆయన అందుకున్నారు. జీజీభాయ్ ఒక్క టెస్టు కూడ ఆడకుండనే తిరిగివచ్చారు. ఒక్క చోటుకు ఇద్దరు పోతే ఒకరి కథ అంతే.

తిరిగివచ్చిన జట్టుకు దేశం నీరాజనం పట్టింది. గవాస్కర్ 774 పరుగులు అందరి నోటా పలికాయి. సర్దేశాయి, వాడేకర్, వెంకటరాఘవన్ పేర్లు మారుమ్రోగాయి. కీపరు ఖాతాలో లెక్కకు వచ్చినవి 7 క్యాచిలు, ఒక స్టంపింగు, బ్యాటుతో 33 పరుగులు. అత్యధికం 20. అదే ఏడాది వేసవిలో ఇంగ్లండు పర్యటన. ఇంజనీర్ టెస్టులకు అందుబాటులోనికి వచ్చారు. కృష్ణమూర్తి, యువకుడైన సయ్యద్ కిర్మాణీ జట్టుతో వెళ్లారు. టెస్టులు మాత్రం ఇంజనీర్ ఆడారు. ఆగస్టు 24న ఓవల్‌లో భారతదేశం ఇంగ్లండు గడ్డపై తొలి విజయం సాధించింది. ఆ టెస్టులో ఇంజనీర్ 59, 28 నాటౌట్ చేశారు. కనుక ఆయనను తీసుకొనడం తప్పని ఎవరనగలరు? న్యాయం ఇరువైపులా ఉన్న చోట బాధ ఎక్కువగా ఉంటుంది.

1976లో న్యూజీలండు పర్యటనకు కృష్ణమూర్తిగారు మళ్లీ ఎంపికయ్యారు. అప్పటికి ఆ చోటు కిర్మాణీది. 1976 జనవరిలో తొలి టెస్టు ఆడిన కిర్మాణీ, 1986 వరకు 88 టెస్టులు ఆడారు. కృష్ణమూర్తిగారికి ఆ పర్యటనలో దక్కినది ఒకే ఒక్క ఒకరోజు అంతర్జాతీయ మ్యాచి. ఇద్దరు మహా కీపర్ల కాలాల మధ్య సందులో, ఐదు టెస్టుల వెడల్పున, ఆయన అంతర్జాతీయ జీవితం ఇమిడిపోయింది.

హైదరాబాదుకు మాత్రం ఆయన 1978-79 దాకా ఆడారు. అంత హేమాహేమీలున్న జట్టు ఆ పన్నెండు సీజన్లలో ఒక్కసారి కూడ రంజీ ట్రోఫీ గెలవలేదు. 1986-87లో ఎం. వి. నరసింహారావు నాయకత్వంలో హైదరాబాదు ఆ ట్రోఫీని రెండవసారి గెలిచేనాటికి ఆయన ఆట ముగించి ఏండ్లయింది. న్యూయార్కు క్యాచర్‌కు జట్టు జీతమిచ్చింది, ఉంగరాలిచ్చింది, అతని 8వ నెంబరును మరెవ్వరికీ ఇవ్వకుండ దాచిపెట్టింది. మన రంజీ ఆటగాండ్లకు ఆ రోజులలో ఆట జీవనోపాధి కాదు. బ్యాంకులోనో, రైల్వేలోనో, ప్రభుత్వ శాఖలోనో ఉద్యోగమే అన్నం పెట్టేది. ఆట గౌరవం పెట్టేది. కృష్ణమూర్తిగారు 1999 జనవరి 28న, 51 ఏండ్ల వయస్సులో హైదరాబాదులోనే కన్నుమూశారు.

ఆయన కథ ఆయన ఒక్కరితో ఆగిపోలేదు. ఆయన కన్నుమూసిన సంవత్సరమే, 1999 అక్టోబరులో, గుంటూరు సీమకు చెందిన ఎం. ఎస్. కె. ప్రసాద్ భారత జట్టు కీపరుగా మొహాలీలో తొలి టెస్టు ఆడారు. 2000 జనవరిలో సిడ్నీతో ఆయన టెస్టు జీవితం ముగిసింది. ఆడినవి 6 టెస్టులు. తరువాత విశాఖపట్నం నుండి కోన శ్రీకర్ భరత్. రంజీ ట్రోఫీలో త్రిశతకం సాధించిన కీపరు. 2015లో గోవాపై 308 పరుగులు చేశారు. 2023 ఫిబ్రవరిలో నాగపూరులో తొలి టెస్టు ఆడుతూ, జడేజా బంతికి ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ లబుషేన్‌ను మెరుపువలె స్టంపు చేశారు. 2024 ఫిబ్రవరిలో తమ విశాఖపట్నం టెస్టు తరువాత ఆయన స్థానంలో ధ్రువ్ జురెల్ వచ్చాడు. అప్పటికి ఆడినవి 7 టెస్టులు. ఐదు, ఆరు, ఏడు: ముగ్గురు తెలుగునాటి కీపర్లు, మొత్తం 18 టెస్టులు. వాటిలో ఒక్కరికీ ఒక్క అర్ధశతకమైనా లేదు. ముగ్గురిని గూర్చీ తుది తీర్పు చెప్పడంలో చేతి తొడుగుకంటె బ్యాటుదే పెద్ద నోరు అయింది.

ఇది అన్యాయమా? పదకొండుగురే ఉన్న జట్టులో ప్రతివారి పరుగులూ అవసరమే. బ్యాటు బలం గల కీపరు జట్టుకు ఒక అదనపు ఆటగానితో సమానం. ఎంపిక చేసేవారి దృష్టిలో ఆ వాదం సరియైనదే. కాని చరిత్ర వ్రాసేవారు ఎంపిక సంఘం వారు కారు. 1971 మార్చిలో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో స్పిన్నర్లు ఇరువది వికెట్ల కొరకు శ్రమిస్తున్నప్పుడు, తమ బంతి చేయి జారిపోదన్న ధైర్యం వారికి వెనుక నుండి వచ్చింది. ఆ ధైర్యానికి లెక్కల పుస్తకంలో గడి లేదు. లెక్కకు రానిది లేనిదని అనుకొనడం మాత్రం చరిత్రకారునికి తగదు.

ఓరుగల్లు సీమవారికి ఈ మాట ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడికి ఎందరో వస్తారు. మదనికల సోయగాన్ని, స్తంభాల నునుపును చూచి మురిసిపోతారు. 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా దానికి గుర్తింపు వచ్చినప్పుడు మనమందరం గర్వించాము. ఆ శిల్పం క్రింద కాకతీయుల స్థపతులు పునాదిలో ఇసుక నింపారు. నేల కదిలినప్పుడు ఆ ఊపును మ్రింగివేయడం దాని పని. ఇసుకను చూడడానికి ఎవరూ టిక్కెట్టు కొనరు. గుడి నిలబడి ఉండడమే దానికి దక్కిన కీర్తి.